పికప్ లేని పికప్: ఆటోనగర్‌లో ఒక వేసవి పగలు

విజయవాడకు తూర్పున సూర్యుడికంటె ముందే మేలుకొనే పేట ఒకటి ఉంది. అక్కడ కోడికూత వినబడదు; ఇనుపరేకు మీద సుత్తిదెబ్బ వినబడుతుంది. ఒక షెడ్డులో మొదలైన ఆ చప్పుడుకు మరో షెడ్డు బదులు పలుకుతుంది. లేతు మిషను తిరుగుతుంది, వెల్డింగు మెరుపు గోడలమీద నీలంగా ఎగసిపడుతుంది, టీ బండివాడు గాజుగ్లాసుల బుట్టతో సందు మలుపు తిరుగుతాడు. దేశం నలుమూలలనుంచి వచ్చిన లారీ డ్రైవర్లు బండి నీడలో పరుచుకున్న దుప్పట్లు మడిచి, తమ వాహనాల వంతు ఎప్పుడా అని ఎదురుచూస్తూంటారు. ఇది జవహర్ ఆటోనగర్. దక్షిణాదిన లారీ నడిపినవారిలో ఈ పేరు వినని వాడు అరుదు.

మద్రాసునుంచి కలకత్తా పోయే రహదారి, హైదరాబాదునుంచి బందరు పోయే రహదారి విజయవాడలో కలుస్తాయి. 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తయ్యాక కృష్ణ దాటే బండ్ల రద్దీ మరింత పెరిగింది. బండి ఎక్కడ ఆగుతుందో మరమ్మతు అక్కడే పుడుతుంది. నగర వీధులలో చెట్లకిందా, చావడుల్లోనూ చెదరి ఉన్న కార్ఖానాలను ఒకచోట కూర్చే ఉద్దేశంతో 1966లో ఈ పేట ఏర్పడింది. ఢిల్లీకి మాయాపురి, కలకత్తాకు మల్లిక్ బజారు, మద్రాసుకు పుదుపేట ఎలాంటివో విజయవాడకు ఆటోనగర్ అలాంటిది. అయితే తక్కినవి ముఖ్యంగా విడిభాగాల అంగళ్లకు పేరుపడ్డాయి. ఇక్కడ బండి పుట్టుక కూడ చూడవచ్చు. ఇంజను, చక్రాలు, ఉత్త ఇనుపదూలాలతో వచ్చిన చాసిస్ కొన్ని వారాలకు చెక్క తొడుక్కొని, రంగులు పూసుకొని, నుదుట నిమ్మకాయలు కట్టుకొని పూర్తి లారీగా బయటికి వెళుతుంది.

ఒక్కో సందుకు ఒక్కో విద్య. ఒకచోట కమాను పట్టీలు వంచేవారు, ఒకచోట రేడియేటర్లు అతికేవారు, ఇంకొకచోట డీజిల్ పంపులు సరిచేసేవారు. శరీరంలోని అవయవాలకు వేరువేరు వైద్యులున్నట్టే. కాని ఏ అవయవానికి జబ్బు చేసిందో తేల్చి చెప్పేవాడు మాత్రం ప్రతి సందులోనూ దొరకడు. ఆటోనగర్ అసలు విలువ అలాంటి కొద్దిమందిలో ఉంది.

మే నెల మొదటివారంలో ఒక ఉదయం అలాంటి ఒక మేస్త్రి షెడ్డుముందు తెల్లని పికప్ బండి ఒకటి వచ్చి ఆగింది. నడుపుతున్నవాడు నూజివీడు ప్రాంతపు యువకుడు. మామిడికాయల కాలానికి పనికివస్తుందని, రెండునెలల క్రితం 2018 నాటి ఆ డీజిల్ బండిని సెకండ్ హ్యాండులో కొన్నాడు. సగం డబ్బు చేతిది, సగం ఫైనాన్సుది. తోటలనుంచి కాయ దించి నున్న మార్కెట్టుకు చేర్చడం అతని పని. రసాలకు, బంగినపల్లికి ఉండే గిరాకీ ఎనిమిది పది వారాలు మించదు. ఆ వారాల్లో బండి తిరిగితేనే ఏడాది కిస్తీలు తీరుతాయి.

"మేస్త్రిగారూ, ఇది పేరుకే పికప్పండి. దీనికి పికప్ లేదు," అన్నాడతను.

చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వారు. వేగం అందుకొనే శక్తిని తెలుగు డ్రైవర్లు 'పికప్' అనే అంటారు. కాని అతడు నవ్వలేదు. ఖాళీ బండిలో కాలు ఆనిస్తే చాలు, ఉలిక్కిపడ్డట్టు ముందుకు దూకుతుంది. లోడు వేసి మూడో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఎంత తొక్కినా ఒక క్షణం ఆలోచిస్తున్నట్టు ఆగిపోతుంది. నాలుగురోజుల క్రితం ఆగిరిపల్లి రోడ్డులో బస్సును దాటబోతుండగా సరిగ్గా ఆ క్షణమే వచ్చింది. ఎదురుగా లారీ. బస్సు డ్రైవరు బ్రేకు తొక్కి చోటివ్వకపోతే తాను ఇక్కడిదాకా వచ్చేవాణ్ణి కానని చెప్పి అతడు మౌనం వహించాడు.

దారిలో ఒక షెడ్డువారు నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలన్నారట. ఇంకొకరు టర్బో పోయిందన్నారట. వారు చెప్పిన ఖర్చు అనేక నెలల కిస్తీలకు సమానం. ఏది నిజమో అతనికి తెలియదు. రెండూ చేయించడానికి తాహతు లేదు.

అరవయ్యేళ్లు దాటిన మేస్త్రి పానా ముట్టుకోలేదు. ముందు ప్రశ్నలు వేశాడు. చల్లని ఇంజనుతో ఇలా చేస్తుందా, వేడెక్కాకా? ఖాళీగా ఉన్నప్పుడు ఆగుతుందా? ఏ గేరులో? వెనక వచ్చే పొగ ఏ రంగు? డీజిల్ ఎక్కడ పోయించావు? ఫిల్టరు ఎప్పుడు మార్చావు? యువకుడు చాలావాటికి జవాబు చెప్పగలిగాడు. పొగ సంగతి మాత్రం గమనించలేదన్నాడు.

"పొగ చూడకుండా ఇంజెక్టరు అనేవాడు నాడి చూడకుండా సూది గుచ్చేవాడు, నాయనా," అన్నాడు మేస్త్రి.

పూర్వం యాక్సిలరేటరుకూ ఇంజనుకూ మధ్య ఇనుపతీగ ఒకటి ఉండేది. కాలు ఎంత నొక్కితే తీగ అంత లాగేది. ఇంధనాన్ని అత్యధిక పీడనంలో ఒక ఉమ్మడి గొట్టంలో నిలవచేసి, విద్యుత్ ఆజ్ఞతో ఇంజనులోకి చిమ్మే 'కామన్ రైల్' పద్ధతి 1997లో కార్లలోకి వచ్చింది. మనదేశంలో కాలుష్య నియమాలు బిగిసినకొద్దీ అది పికప్ బండ్లకూ పాకింది. 2017 ఏప్రిల్‌లో నాలుగో భారత్ స్టేజి ప్రమాణాలు దేశమంతటా అమలయ్యాక తీగ దాదాపు కనుమరుగయింది. ఇప్పుడు పెడలు దగ్గర ఒక సెన్సారు ఉంటుంది. కాలు ఎంత కిందికి దిగిందో అది వోల్టులలో చెబుతుంది. అబద్ధం చెబితే పట్టుకోవడానికి లోపల రెండు సాక్షులుంటాయి. చాలా బండ్లలో మొదటి సాక్షి చెప్పిన అంకెలో రెండవది సగం చెబుతుంది. రెంటికీ పొందిక కుదరకపోతే కంప్యూటరు అనుమానించి శక్తిని తగ్గించివేస్తుంది.

మేస్త్రి కొడుకు స్కానరు తెచ్చి తగిలించాడు. నమోదైన లోపాలేవీ లేవు. ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి, పెడలును మెల్లగా నొక్కమన్నాడు మేస్త్రి. కాలు పావువంతు దిగింది. తెరమీద అంకె అరవై శాతానికి ఎగబాకింది. సగం దిగేసరికి నూరు. పైకి వదిలి మళ్లీ నొక్కించాడు. మళ్లీ అదే వరస. సెన్సారు పాడైతే అంకె గెంతాలి, తడబడాలి. ఇది తడబడలేదు. నున్నగా, క్రమంగా, ప్రతిసారీ ఒకేలా అతిగా చెబుతోంది.

"ఇది జబ్బు కాదు. ఎవరో నేర్పిన మాట," అంటూ ఆయన టార్చి పట్టుకొని స్టీరింగు కిందికి వంగాడు.

పెడలునుంచి పోయే తీగలవెంట వేలు నడిపించాడు. ఒకచోట నల్లని టేపు చుట్టలో అగ్గిపెట్టెకంటె కొంచెం పెద్దదైన ప్లాస్టిక్ పెట్టె చేతికి తగిలింది. అది బండితో పుట్టింది కాదు, బజారులో దొరికేది. పెడలుకూ కంప్యూటరుకూ మధ్య కూర్చుని, కాలు చెప్పిన మాటను పెంచి చెప్పడమే దాని పని. ఇంజనుకు అది రవ్వంత బలం కూడ ఇవ్వదు. కొంచెం నొక్కితేనే ఎక్కువ నొక్కినట్టు చూపి, బండి చురుకుగా ఉన్నదన్న భ్రాంతి కలిగిస్తుంది. దాన్ని తీసి, అసలు తీగను అసలు చోట తగిలించారు. ఈసారి కాలు పావువంతు దిగితే అంకెకూడ పావువంతే పలికింది.

యువకుని ముఖం వాడిపోయింది. కొనేముందు ఖాళీ బండిని రెండు కిలోమీటర్లు నడిపి, దాని చురుకు చూసి మురిసిపోయిన సంగతి అతనికి గుర్తు వచ్చింది. పాత యజమాని వేగంమీది మోజుతో పెట్టించాడో, లోపం దాచడానికి పెట్టించాడో తేల్చే సాక్ష్యం లేదు. మేస్త్రికూడ ఆ విచారణకు దిగలేదు. చురుకు వేరు, బలం వేరు అని మాత్రం అన్నాడు. ముసుగు తీశాం, ఇక ముఖం చూద్దామన్నాడు.

లోడుమీద వచ్చే రోగం లోడుమీదనే కనిపిస్తుంది. కుర్రాళ్లు పక్కషెడ్డులోని పాత ఇంజను దిమ్మెలు, గేరుపెట్టెలు బండిలోకి ఎక్కించి తాళ్లతో బిగించారు. యువకుడు స్టీరింగు పట్టాడు. మేస్త్రి పక్కన కూర్చున్నాడు. కొడుకు మోటారుసైకిలు మీద వెనక బయలుదేరాడు. బెంజి సర్కిలు వంతెన ఎక్కేటప్పుడు మూడో గేరులో పూర్తిగా తొక్కమన్నాడు మేస్త్రి. బండి ఆలోచించింది. ఇంజనులో ఎక్కడో ఉస్సురన్న శబ్దం. వెనకనుంచి కొడుకు చెయ్యెత్తి చూపించాడు. నల్లని పొగ.

ఆ ఒక్క చూపుతో సగం దారి తెగింది. డీజిల్ ఇంజను లాగనప్పుడు పొగే లేకపోతే ఇంధనం అందడం లేదేమోనని చూడాలి. ఫిల్టరు పూడిందా, నీరు చేరిందా, పంపు పీడనం పడిపోయిందా అని వరసగా వెతకాలి. పొగ నల్లగా వస్తే ఇంధనం ఉంది, దాన్ని కాల్చే గాలి చాలడం లేదు. అప్పుడు ఎయిర్ ఫిల్టరు, టర్బో, గాలిగొట్టాలు, పొగను తిరిగి లోపలికి పంపే ఈ.జి.ఆర్. వాల్వు చూడాలి. ఇంజెక్టరు కారినా నల్లపొగ రావచ్చు. కాని అలాంటి ఇంజను నిలిచి ఉన్నప్పుడుకూడ సామాన్యంగా కుదురుగా కొట్టుకోదు. ఈ ఇంజను నిలిచిన చోట గడియారంలా కొట్టుకొంటోంది. పైగా ఆ ఉస్సురు శబ్దం.

షెడ్డుకు తిరిగివచ్చాక ఎయిర్ ఫిల్టరు తీసి చూశారు, శుభ్రంగానే ఉంది. టర్బోనుంచి ఇంటర్‌కూలరుకు పోయే రబ్బరు గొట్టం పైకి చూడడానికి కొత్తదానిలా ఉంది. మేస్త్రి దాని అడుగున చేయిపెట్టి తడిమాడు. వేళ్లకు నూనెజిడ్డు అంటుకొంది. గొట్టానికి ఒక కొన మూసి, రెండోవైపునుంచి కంప్రెసరు గాలిని తక్కువ ఒత్తిడితో పంపి, సబ్బునీళ్లు పోశారు. క్లిప్పు అంచున, కంటికి కనబడని వైపున, బొటనవేలంత చీలిక నోరు తెరిచి బుడగలు కక్కింది. గాలి ఆపగానే మళ్లీ మూసుకొంది.

అంతా ఆ చీలికలో ఉంది. ఖాళీగా మెల్లగా పోయేటప్పుడు టర్బో ఒత్తిడి తక్కువ. చీలిక మూసుకొనే ఉంటుంది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఒత్తిడి పెరిగి అది తెరుచుకొంటుంది. గాలిని కొలిచే సెన్సారు టర్బోకు ముందే ఉంటుంది కనుక, కొలిచిన గాలి అంతా ఇంజనుకు చేరుతున్నదనే కంప్యూటరు నమ్ముతుంది. ఆ లెక్కకు తగిన డీజిల్ పంపుతుంది. గాలి దారిలో పోతుంది. డీజిల్ సగం కాలి పొగ అవుతుంది. ఇంజెక్టర్లు నాలుగూ మార్చినా, చివరకు కొత్త టర్బో బిగించినా ఆ పొగ ఆగేది కాదు.

కొత్త గొట్టం, రెండు క్లిప్పులు రెండు సందుల అవతల దుకాణంలో దొరికాయి. ముందుజాగ్రత్తగా డీజిల్ ఫిల్టరుకూడ మార్చారు. మధ్యాహ్నపు ఎండలో అదే లోడుతో అదే వంతెన మళ్లీ ఎక్కారు. బండి దూకలేదు, ఆగలేదు. కాలు అడిగినంత ఇచ్చింది. మొత్తం ఖర్చు ఒక్క ఇంజెక్టరు వెలకూడ కాలేదు.

డబ్బు తీసుకొన్నాక మేస్త్రి రెండు మాటలు చెప్పాడు. పాత బండి కొనేవాడు ఖాళీగా నడిపి చూడకూడదు, బరువు వేసి ఎత్తు ఎక్కించి చూడాలి. అతిగా చురుకైన బండిని చూస్తే సంతోషించడానికి ముందు స్టీరింగు కింద తీగలు చూడాలి. యువకుడు ఆ నల్లపెట్టెను చెత్తలో వేయబోతే ఆయన వారించి తీసుకొన్నాడు. షెడ్డు గోడమీద మేకుకు అలాంటివి మరో మూడు వేలాడుతున్నాయి.

"కుర్రాళ్లకు పాఠం చెప్పడానికి," అన్నాడు.

ఆ మేస్త్రి కార్బురేటరు మోత విని పని నేర్చినవాడు. కొడుకు తెరమీద అంకెలు చదివి నేర్చినవాడు. ఆ ఉదయం స్కానరు ఒక్కటే ఉంటే లోపాలేవీ లేవని పంపించేసేవారు. చెవి ఒక్కటే ఉంటే పెడలు చెప్పే అతిశయోక్తి చిక్కేది కాదు. రెండూ ఒకే కప్పుకింద ఉన్నాయి కనుక ఒక మామిడి కాలం నిలబడింది. విద్యుత్ బండ్లు వస్తున్న ఈ రోజులలో ఆటోనగర్ సందులలో ఏ విద్య మిగులుతుందో, ఏది మాసిపోతుందో ఎవరూ చెప్పలేరు. కాని విప్పడానికి ముందు వినాలి, మార్చడానికి ముందు తెలుసుకోవాలి అనే పాఠం ఏ ఇంజనుతోనూ అంతరించేది కాదు.

సాయంత్రానికి ఆ తెల్లని పికప్ నున్న దాటి తోటలవైపు సాగిపోయింది. మర్నాటి తెల్లవారుజామున అదే దారిని రసాల ట్రేలతో మార్కెట్టుకు తిరిగి వచ్చింది. దాని వెనక పొగ లేదు; పండుతున్న కాయల వాసన మాత్రం ఉంది.