రేవు మెట్లు

మా ఊళ్ళో అన్నయ్యలిద్దరూ వీపుకి ఎండు సొరకాయబుర్ర కట్టుకుని కాలవలో ఈత నేర్చుకున్నారు. నేను రేవు మెట్లమీద వాళ్ళ చొక్కాలకి కాపలా. "ఆడపిల్లవి, నీకు ఈతెందుకే?" అనేది నాయనమ్మ. అందుకేనేమో, మేరీలాండ్ వచ్చాక మా అమ్మాయిని ఆరేళ్ళకే పూల్‌లో దింపాను.

2012 ఆగస్టు. లండన్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ 800 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్. 8 నిమిషాల 14.10 సెకన్ల ప్రపంచ రికార్డున్న రెబెకా ఆడ్లింగ్టన్ సొంతగడ్డ మీద ఈదుతోంది. జనం అరుపులన్నీ ఆమెకే. మా పక్కనున్న బెథెస్డా నుంచి వెళ్ళిన కేటీ లెడెకీకి పదిహేనేళ్ళు. అమెరికా జట్టు మొత్తంలో అందరికన్నా చిన్నది. యాభై మీటర్ల పూల్‌లో పదహారుసార్లు ఈ చివరినుంచి ఆ చివరికి. 8:14.63కి గోడ ముట్టుకుంది. రెండో అమ్మాయి నాలుగు సెకన్ల వెనక.

తొమ్మిదేళ్ళ మా అమ్మాయి చప్పట్లు కొట్టి పడుకుంది. నాకే నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత తెల్లవారుజామున నాలుగున్నరకి లేపడం, కార్లో అరటిపండు, నా చేతిలో స్టాప్‌వాచ్. ఈత రాని నేను దానికి మోచెయ్యి ఎలా పెట్టాలో చెప్పేదాన్ని! 2016లో రియోలో లెడెకీ 8:04.79తో, పదకొండు సెకన్లకి పైగా తేడాతో గెలిచింది. ఆ ఏడాదే మా పిల్ల ఒకరోజు కారు దిగనంది. "ఈదాలని ఉన్నది నీకు. నన్నెందుకు దింపుతావమ్మా?"

ఏం చెప్పను? లెడెకీ గురించి చదివినవాటిలో టైములే గుర్తుపెట్టుకున్నాను. వాళ్ళమ్మ కాలేజీరోజుల్లో పోటీల్లో ఈదిన మనిషనీ, ఆ పిల్ల ఆరేళ్ళప్పుడు వాళ్ళన్నతో కలిసి ఇంటిదగ్గరి క్లబ్బులో మొదలెట్టిందనీ కూడా చదివాను. పట్టించుకోలేదు. ఆ తల్లికి నీళ్ళు తెలుసు. నాకు తెలిసింది మెట్లే.

2024 పారిస్‌లో ఇరవయ్యేడేళ్ళ లెడెకీ అదే పోటీ వరసగా నాలుగోసారి గెలిచింది, 8:11.04. రెండోస్థానంలో ఉన్న టిట్మస్‌కీ ఆమెకీ తేడా ఈసారి సెకనుంబావే. సెలవులకి ఇంటికొచ్చిన మా అమ్మాయి నా పక్కనే కూర్చుని చూసింది. "ఇష్టం లేకపోతే ఇన్నేళ్ళు ఈదలేరమ్మా," అంది.

మర్నాడు నన్ను పూల్‌కి లాక్కెళ్ళింది. లోతులేని వైపు నడుము కింద చెయ్యి పెట్టి, "వదులమ్మా, నేనున్నాగా," అంటోంది. దాని గొంతులో విసుగు లేదు, తొందర లేదు. అలా నేనెప్పుడూ దానితో మాట్లాడలేదు.

గోడ వదలడానికి నాకు మూడురోజులు పట్టింది.