కాజీపేట నుంచి అమ్ముగూడ దాకా

కాజీపేట రైల్వే గ్రౌండ్‌లో ఆ సాయంత్రం పిల్లలు చెప్పుల జతలనే గోల్‌పోస్టులుగా పెట్టుకుని ఆడుతున్నారు. బంతి దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికొచ్చింది. తోలు పెచ్చులూడి లోపలి గుడ్డ కనిపిస్తోంది. "సార్, జర బాల్ ఇటు కొట్టుండ్రి!" అని అరిచినవాడికి పన్నెండేళ్లుంటాయి. ఒంటి మీద మాంచెస్టర్ యునైటెడ్ ఎర్ర చొక్కా, మోకాళ్ల దాకా వేలాడుతోంది. వాళ్ల నాన్నకు రైల్వేలో పనట.

ఆట ఆగాక వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ చొక్కా మీద ఉన్న క్లబ్బును మొదలుపెట్టింది మీ నాన్నలాంటి రైల్వే కార్మికులేనని చెప్పాను. 1878లో మాంచెస్టర్‌లోని న్యూటన్ హీత్ రైల్వే డిపోలో పెట్టెలు, వ్యాగన్లు బాగుచేసేవాళ్లు పని దిగాక ఆడుకోవడానికి జట్టు కట్టారు. అప్పట్లో వాళ్ల రంగులు ఆకుపచ్చ, బంగారు రంగు. అప్పులపాలై 1902లో మూతపడబోతే, కెప్టెన్ హ్యారీ స్టాఫర్డ్ ఊళ్లో డబ్బున్నవాళ్లను కూడగట్టి క్లబ్బును నిలబెట్టాడు. మాంచెస్టర్ యునైటెడ్ పేరు అప్పుడే వచ్చింది. వరంగల్ మీదుగా రైలు బెజవాడ చేరింది 1889లో. అప్పటికే న్యూటన్ హీత్ వాళ్ల జట్టుకు పదకొండేళ్లు.

వాడు లోకోషెడ్ వైపు కాసేపు చూశాడు. "మరి మన దిక్కు గసొంటి టీము లేకుండెనా సార్?"

ఉండె. అయితే దాని కథ ఆ పిల్లాడికి చెప్పేముందు ఆ నేల మీద ఒకసారి నడిచి రావాలనిపించింది. మర్నాటి ఆదివారం పొద్దున్నే కాజీపేటలో బండెక్కాను. సికింద్రాబాద్‌కు 132 కిలోమీటర్లు. జనగామ, ఆలేరు దాటాక భువనగిరి ఏకశిల కిటికీ నిండా కనిపించింది. చిన్నప్పుడు మా నాన్న ఈ దారిలోనే నాకు హైదరాబాద్ సిటీ పోలీస్ టీము కథలు చెప్పాడు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు వాళ్లదే. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించారు. ఆ డ్యూరాండ్ 1888లో సిమ్లాలో ఇంగ్లీషు పటాలాల కోసం పుట్టిన పోటీ. తెల్ల సైనికులు మన కంటోన్మెంట్లకు తెచ్చిన ఆటను మన కానిస్టేబుళ్లు గెలుచుకొచ్చారు. ఈ మాట చెప్పేటప్పుడు నాన్న గొంతు పెరిగేది. ఇప్పుడు రాస్తుంటే నాకూ గుండె ఉప్పొంగుతోంది.

ఆ జట్టును తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. 1909లో పుట్టారు, బళ్లలో పాఠాలు చెప్పారు, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా పనిచేశారు. 1950 నుంచి సిటీ పోలీస్ కోచ్. దేశపు జట్టు కూడా ఆయన చేతుల్లోకే వచ్చింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్ చేరారు. ఆసియా దేశమేదీ అంతకుముందు అంత దూరం పోలేదు. ఆ మెల్‌బోర్న్ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మన గడ్డ మీది ఆటగాళ్లే.

బలరాం కోసమే సికింద్రాబాద్‌లో దిగి బొలారం వైపు వెళ్లే బండి పట్టుకున్నాను. అమ్ముగూడ చిన్న స్టేషన్. బయట టీకొట్టు దగ్గర ఓ ముసలాయన దినపత్రిక మడుస్తూ, "ఎవలి కోసం బిడ్డా?" అన్నాడు. బలరాం పేరు చెప్పగానే పత్రిక పక్కన పెట్టేశాడు.

"బలరామా! మా అన్నలు చెప్పేటోళ్లు. బాల్ కాలికి అతుక్కపోయినట్టే ఉండేదట."

అమ్ముగూడలో 1936లో పేద తమిళ కుటుంబంలో పుట్టాడు బలరాం. రహీం సార్ ప్రాక్టీసుకు రమ్మంటే, రోజూ హైదరాబాద్ దాకా రావడానికి డబ్బుల్లేవన్నాడట. సార్ అద్దె సైకిల్ ఏర్పాటు చేశారు. ఈ సంగతి బలరామే తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆ సైకిల్ తొక్కిన కుర్రాడే 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు.

ఆ సైకిల్ దారి ఎలా ఉండేదో చూద్దామని అమ్ముగూడ నుంచి ఫతేమైదాన్‌కు, అంటే ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియానికి, ఆటోలో బయల్దేరాను. పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కంటోన్మెంటు చెట్ల నీడలు, సికింద్రాబాద్ రద్దీ, ట్యాంక్‌బండ్ మీద ఎదురుగాలి. ఎక్కడ ఎత్తు వచ్చినా, ఆటో ఇంజన్ కాస్త మూలిగినా, ఇక్కడ కుర్ర బలరాం సీటు మీంచి లేచి నిలబడి తొక్కి ఉంటాడనుకున్నాను. అలా తొక్కి వచ్చాకే ఆట మొదలు. ఆట అయ్యాక అంత దూరమూ మళ్లీ వెనక్కి.

స్టేడియం గేటు దగ్గర దిగి చాలాసేపు నిలబడ్డాను. 1962 సెప్టెంబర్ 4న రహీం సార్ జట్టు ఆడిన జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ గుర్తొచ్చింది. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా కేకలు. అయినా దక్షిణ కొరియాను 2-1తో ఓడించాం. పీకే బెనర్జీ ఒక గోల్, తలకు దెబ్బ తగిలి కట్టుతో ఆడిన జర్నైల్ సింగ్ ఒక గోల్. రహీం సార్‌కు అప్పటికే క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. యాభై మూడేళ్లే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం మళ్లీ రాలేదు.

బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, బెంగాల్లోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన సంగతి ఆయన చెవిన పడే ఉంటుందనుకుంటాను. నాకు అదొక ఊరట.

రాత్రి బండి కాజీపేట చేరేసరికి తొమ్మిది దాటింది. గ్రౌండ్ చీకట్లో ఉంది. గోడ వారగా ఒంటి చెప్పు ఒకటి ఎవరో మర్చిపోయారు. పిల్లాడికి రేపు ఏది ముందు చెప్పాలా, జకార్తానా, మెల్‌బోర్నా అని దారంతా ఆలోచిస్తూ వచ్చాను. ఆ చెప్పు చూశాక తేలిపోయింది. ముందు సైకిల్ సంగతే చెప్తాను.