డెట్రాయిట్‌లో రెండు భవనాలు

డెట్రాయిట్ నగరంలో పికెట్ అవెన్యూలోని మూడంతస్తుల ఇటుక భవనం కార్ల కర్మాగారమంటే చూసినవారు ఒక పట్టాన నమ్మరు. పాతకాలపు నూలు మిల్లును తలపించే కట్టడమది. 1904లో నిర్మించిన ఆ భవనంలో, మూడవ అంతస్తులోని ఒక మూలగదిలో, హెన్రీ ఫోర్డు కొద్దిమంది సహచరులతో మోడల్-టి కారుకు రూపకల్పన చేశారు. 1908లో అది వెలువడింది. నేడు అక్కడ మ్యూజియం ఉన్నది.

ఒకే నమూనా, నానాటికీ తగ్గే ధర. ఫోర్డు సంకల్పమంతా ఇదే. హైలాండ్ పార్కు కర్మాగారంలో 1913లో కదిలే అసెంబ్లీ లైను ఏర్పడగా, పన్నెండున్నర గంటలు పట్టే ఛాసిస్ కూర్పు కొద్ది నెలల్లో 93 నిమిషాలకు దిగింది. ఆ యాంత్రికతను భరించలేక కార్మికులు వెళ్ళిపోసాగారు. 1914 జనవరిలో ఫోర్డు 8 గంటల పనికి రోజుకు 5 డాలర్లు ప్రకటించారు. అయితే అది అందాలంటే కార్మికుని ఇంటి నడవడి సైతం తనిఖీకి నిలవాలి! ఔదార్యమూ, అధికారమూ ఆయనలో ఒకే నాణెపు రెండు ముఖాలు.

రెండవ భవనం వెస్ట్ గ్రాండ్ బౌలెవార్డ్‌లో ఉన్నది. హైలాండ్ పార్కును రూపొందించిన ఆల్బర్ట్ కాన్ దీనికీ శిల్పి. జనరల్ మోటార్స్‌ను 1908లో స్థాపించిన విలియం డ్యురాంట్ పేరిట మొదలైన ఈ భవనం పూర్తికాకముందే, 1920లో, ఆయన పదవి కోల్పోయారు. గోడలపై 'డి' అక్షరం మాత్రం నిలిచిపోయింది. సంస్థలను వరుసగా కొనడమే తప్ప వాటిని కూడగట్టడం ఆయనకు అలవడలేదు.

1923లో అధ్యక్షుడైన ఆల్ఫ్రెడ్ స్లోన్ విద్యుత్ ఇంజనీరు. షెవర్లే మొదలు కాడిలాక్ వరకు ప్రతి విభాగానికీ స్వేచ్ఛనిచ్చి, ధనాన్నీ, విధానాన్నీ కేంద్రంలో ఉంచారు. నిర్ణయాలు కమిటీలలో జరిగేవి. (కమిటీ అనగానే మన పాఠకులు చిరునవ్వు నవ్వవచ్చు!) అందరూ ఏకాభిప్రాయానికి వస్తే, భిన్నాభిప్రాయం పుట్టేదాకా ఆయన విషయాన్ని వాయిదా వేసేవారని చెబుతారు.

ఫోర్డు సంస్థలో భిన్నాభిప్రాయానికి చోటెక్కడిది? కుమారుడు ఎడ్సెల్ 1919 నుండి అధ్యక్షుడే, కాని తుదిమాట తండ్రిది. కొత్త నమూనా కావాలని 1926లో లిఖితపూర్వకంగా విన్నవించిన ఎర్నెస్ట్ కాంజ్లర్ ఆ ఏడే సంస్థను వీడవలసి వచ్చింది. 1927 మేలో మోడల్-టి ఆగిపోయింది. కొత్త కారు వచ్చేవరకు నెలల తరబడి ఉత్పత్తి లేదు. షెవర్లే ముందుకు సాగింది. ఎడ్సెల్ 1943లో, 49వ ఏట మరణించారు.

స్లోన్ పద్ధతి కూడా సర్వరోగ నివారిణి కాదు. జనరల్ మోటార్స్ 2009లో దివాలా రక్షణ కోరింది. వారి పాత భవనంలో ఇప్పుడు మిషిగన్ రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలున్నాయి. హైలాండ్ పార్కు కర్మాగారంలో కొంత భాగమే మిగిలింది. ఉడ్‌వర్డ్ అవెన్యూ పక్కన ఒక స్మారక ఫలకం ఉన్నది.