పొరుగావిడ వంతు

పొరుగువారి గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదన్నది మన ఇళ్ళలో తరతరాల మర్యాద. అదే మర్యాద చైనీయుల ఇళ్ళలోనూ ఉన్నదని సింగపూర్‌లో కాపురం పెట్టిన తరువాత మేము గ్రహించాము. అక్కడి ప్రభుత్వ గృహసముదాయాలలో చైనీయులు, మలయీలు, భారతీయులు వేర్వేరు పేటలుగా విడిపోకుండా కలసి నివసించాలని 1989లో ఒక నియమం తెచ్చారు. ప్రతి భవనంలోనూ ఒక్కొక్క జాతికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. అలాంటి భవనంలో మాకు ఎదురింటి పొరుగుగా లభించిన వృద్ధ చైనీ మహిళను అక్కడి వాడుక ప్రకారం మేమూ ‘ఆంటీ’ అనే పిలుస్తాము.

ఈద్‌నాడు మేము బిర్యానీ, షీర్ ఖుర్మా పంపితే, ఆమె మా గిన్నెలో నారింజపండ్లు పెట్టి తిరిగి ఇచ్చేవారు. వండిన పదార్థం ఏనాడూ పెట్టలేదు. మేము ఏది తింటామో, ఏది తినమో ఆమెకు తెలుసు. ఆ గౌరవానికి మేము కృతజ్ఞులమే. అయినా మనసులో ఒక వెలితి ఉండేది. ఎల్లప్పుడూ పెట్టే చేయిగా ఉండడం మనకు తృప్తినిస్తుంది. ఎల్లప్పుడూ పుచ్చుకొనే చేయిగా మిగిలిపోయిన పొరుగువారికి ఎలా ఉంటుందో మనం అంతగా ఆలోచించము.

మా అమ్మీ నెల్లూరు నుంచి వచ్చి మాతో ఉన్న రోజులలో ఒకనాడు ఆంటీ మా గుమ్మం ముందు నిలబడి, “చిన్నతనంలో మా నాన్న నా చేయి పట్టుకొని తీసుకువెళ్ళి వాంటన్ నూడుల్స్ తినిపించేవారు. మీరు తినదగిన దుకాణం ఒకటి కనుక్కున్నాను. ఈసారి నా వంతు” అన్నారు.

వాంటన్ నూడుల్స్ దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు వంటకం. గోధుమపిండి, గ్రుడ్డు, కొద్దిగా క్షారజలం కలిపి చేసే సన్నని పసుపుపచ్చ నూడుల్స్ అందులో ప్రధానం. ఆ క్షారం వల్లనే అవి ముద్దగా మెత్తబడక, పంటికి సాగుతూ తగులుతాయి. పలుచని పిండిరేకులో ఖీమా పెట్టి మడిచి ఉడికించిన చిన్న పొట్లమే వాంటన్. కాంటనీయులు ఆ పేరు వ్రాసే అక్షరాలకు ‘మేఘాన్ని మింగడం’ అనే అర్థం వస్తుంది. నీటిలో తేలే ఆ తెల్లని పొట్లాలను చూస్తే ఆ పేరు తగినదే అనిపిస్తుంది. అయితే సంప్రదాయ పద్ధతిలో ఆ పొట్లంలోనిది పందిమాంసం, పైన పేర్చే ఎర్రని ముక్కలూ పందిమాంసమే, నూడుల్స్‌కు పట్టించే కొవ్వు కూడా దానిదే. అందుచేతనే అన్నేళ్ళుగా ఆ దుకాణాల ముందునుంచి మేము నడచి వెళ్ళాము తప్ప ఆగింది లేదు.

ఆంటీ కనుగొన్నది మరొక భవనం క్రింది అంతస్తులోని చిన్న భోజనశాల. నాలుగైదు బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడపై సింగపూర్ ఇస్లామీ మండలి ‘ముయిస్’ వారి హలాల్ పత్రం. 1968లో ఏర్పడిన ఆ మండలి 1978 నుంచి హలాల్ ధ్రువీకరణ ఇస్తున్నది. ఇక్కడ పందిమాంసం స్థానంలో కోడిమాంసం, కొవ్వు స్థానంలో చిన్న ఉల్లిపాయలు వేయించిన నూనె వాడుతారు.

మా అమ్మీకి రెండు సందేహాలు కలిగాయి. నిషిద్ధ మాంసంతో ప్రసిద్ధి పొందిన వంటకాన్ని, అదే రంగులో, అదే పేరుతో తినవచ్చునా అన్నది మొదటిది. పదార్థం ధర్మసమ్మతమైనప్పుడు పేరు దానిని నిషిద్ధం చేయదని మేము నచ్చజెప్పాము. రెండవది లోతైన ప్రశ్న. సింగపూర్ ముస్లిములలో అధికులు షాఫియీ మస్లక్ వారు. ఆ మస్లక్‌లో సముద్రజీవులు సాధారణంగా సమ్మతమే. కాబట్టి ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్‌కు కూడా అక్కడ హలాల్ ముద్ర లభిస్తుంది. మేము హనఫీలము. మా మస్లక్‌లో జలచరాలలో చేపకు మాత్రమే అనుమతి. రొయ్య చేపల కోవకు వస్తుందా రాదా అన్న విషయంలో మన ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. నెల్లూరులో మా పెద్దలు అనుమతించిన వారి మాటనే పాటిస్తూ వచ్చారు గనుక రొయ్య గురించి అమ్మీకి చింత లేదు. ఆల్చిప్ప సంగతి వేరు.

ఆతిథ్యమిచ్చేవారి ఎదుట ఇన్ని ప్రశ్నలు అడిగితే వారి మనసు నొచ్చుకుంటుందేమోనని మాకు సంకోచం కలిగింది. మెల్లగా విషయం చెప్పాము. ఆంటీ ముఖంలో విసుగు కనిపించలేదు. ఆమె లేచి వంటవాని వద్దకు వెళ్ళి, తమ కాలపు చైనీయులు మాట్లాడే అంగడి మలయీలో తానే అడిగారు. ఆ మలయీ యువకుడు అమ్మీకి సలాం చేసి, వాంటన్లలో కోడి, రొయ్య ఉన్నాయనీ, కలిపే సాసులో ఆల్చిప్పల సారం ఉన్నదనీ దాచకుండా చెప్పాడు. కావాలంటే సోయా సాస్, నువ్వులనూనెతో వేరుగా కలిపి ఇస్తానన్నాడు. గరిటె కూడా మార్చమని ఆంటీయే గుర్తు చేశారు. ఆ గరిటె మాట మాకు తోచనే లేదు.

నూడుల్స్‌ను మరిగే నీటిలో కొద్ది క్షణాలు ముంచి, చన్నీటిలో జాడించి, మళ్ళీ వేడినీటిలో ముంచి తీశాడు. పళ్లెంలో నూడుల్స్, ఆకుకూర, ఎర్రని కోడిముక్కలు. ప్రక్కన చిన్న గిన్నెలో పలుచని రసంలో తేలుతున్న వాంటన్లు. వేరుగా సిర్కాలో ఊరిన పచ్చిమిరప చక్రాలు. బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టాము. అమ్మీ చాప్‌స్టిక్స్ ప్రక్కన పెట్టి చెంచా అందుకున్నారు. మిరప చక్రాలు మాత్రం రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. రుచి ఎలా ఉన్నదని మేము అడిగితే ఆంటీ, “మా నాన్న తినిపించిన దానంత లేదు. ఆ కొవ్వు రుచి వేరు” అని నిజమే చెప్పారు. కాసేపాగి, “కానీ అప్పుడు మీరు లేరు కదా” అన్నారు.

హలాల్ అన్నది ఒక దేశపు వంటకు గాని, ఒక జాతి మసాలాకు గాని పేరు కాదు. ఈ వంటకం పుట్టిన గ్వాంగ్‌డాంగ్ రాజధాని గ్వాంగ్జౌలోనే చైనాలోని అతి ప్రాచీన మసీదులలో ఒకటైన హువైషెంగ్ మసీదు ఉన్నది. చైనా ముస్లిములు హలాల్‌ను ‘చింగ్‌జెన్’ అంటారు. స్వచ్ఛం, సత్యం అని ఆ రెండు అక్షరాలకు అర్థం. ఆ భోజనశాలలో మాకు ఆ రెండవ అక్షరం విలువ తెలిసింది. అమ్మీ దాచకుండా అడిగారు, వంటవాడు దాచకుండా చెప్పాడు, ఆంటీ దాచకుండా రుచి చెప్పారు.

సందేహాస్పదమైన వాటికి దూరంగా ఉండమని దైవప్రవక్త (స) బోధించారు. పొరుగువారి హక్కును గురించీ ఆయన అంతే గట్టిగా హెచ్చరించారు. మనలో కొందరు మొదటి దానికోసం పొరుగువారి పిలుపునే తిరస్కరిస్తారు. మరికొందరు మొగమాటానికి లొంగి అడగకుండానే తినేస్తారు. మన ఊళ్ళలో రోడ్డు ప్రక్క నూడుల్స్ బండి వద్దనైనా, స్నేహితుని ఇంటి విందులోనైనా, మృదువుగా అడిగే మాట ఈ రెండింటి నుంచీ మనలను కాపాడుతుంది. మన పిల్లలకు ఏది తినరాదో నేర్పుతున్నాము. ఎలా అడగాలో కూడా నేర్పాలి.

తర్వాతి ఈద్‌కు మా గిన్నె ఎప్పటిలాగే నారింజపండ్లతో తిరిగి వచ్చింది. వాటి ప్రక్కన హలాల్ ముద్ర పైకి కనిపించేలా పెట్టిన ఒక నువ్వులనూనె సీసా కూడా ఉన్నది. ధర్మాన్నీ, పొరుగునూ కలిపి నిలుపుకొనే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.