చాప మీద ఫుట్ బాల్

ఫుట్ బాల్ గురించి నేను రాస్తున్నానంటే మా ఇంట్లోవాళ్ళే నవ్వుతున్నారు. ఇక మీరు నవ్వితే తప్పేముంది? నలభై దాటేవరకూ ఆ ఆట గురించి నాకు తెలిసిందల్లా ఒక్కటే. మావారు పట్టపగలు టీవీ ముందు కూర్చుంటే అది క్రికెట్టు, అర్ధరాత్రి కూర్చుంటే అది ఫుట్ బాల్. రెండు సందర్భాల్లోనూ కాఫీ నేనే పెట్టాలి.

2022 ఏప్రిల్లో మా చెల్లెలి దగ్గరికి మాంచెస్టర్ వెళ్ళాను. ఆరేళ్ళనుంచి రమ్మని పోరుతోంది. అందులో రెండేళ్ళు కరోనా మింగేసింది. “అక్కా, ఈసారి నువ్వు రాకపోతే నేనిక అక్కడికి రాను” అని బెదిరించేసరికి, ఆవకాయ, కందిపొడి, సగం రాసిన నవలా సూట్ కేసులో పెట్టుకుని బయల్దేరాను. చల్లని దేశంలో కూర్చుని నవల పూర్తి చేద్దామని నా ఆశ. ఆవకాయ అయిపోయింది గాని నవల మాత్రం అలాగే వుంది.

కారణం ఫుట్ బాలే. ఆ ఇల్లు అప్పటికే రెండు ముక్కలైవుంది. మా మరిది మాంచెస్టర్ సిటీ మనిషి. పదకొండేళ్ళ పాప మాంచెస్టర్ యునైటెడ్. ఒకే ఊరివైనా ఆ రెండు జట్లవాళ్ళకీ ఒకరంటే ఒకరికి గిట్టదు. మా చెల్లెలికి ఏ పక్షమూ లేదు. ఏ జట్టు చొక్కా అయినా బురద ఒక్కలాగే వదలదంటుంది. పాప యునైటెడ్ అనడం మగవాళ్ళ జట్టుని చూసి కాదు. ఆడవాళ్ళ జట్టులో ఎల్లా టూన్ అనే అమ్మాయి వుంది. ఆ చుట్టుపక్కలే టిల్డ్స్‌లీ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. పాప గదిలో గోడమీద సరస్వతీదేవి పటం పక్కనే ఆ అమ్మాయి బొమ్మ. పాప కూడా శనివారాలు పేటలోని ఆడపిల్లల జట్టులో ఆడుతుంది.

ఆట సంగతులన్నీ నాకు పాపే నేర్పింది. “పెద్దమ్మా, లీగులో ఫైనలంటూ వుండదు. అందరూ అందరితోనూ రెండేసిసార్లు ఆడాలి. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి. చివరికి ఎవరికెక్కువ వుంటే వాళ్ళది కప్పు” అంది. అంటే సంవత్సరం పొడుగునా యూనిట్ టెస్టులేగాని పెద్ద పరీక్ష లేదన్నమాట. మగవాళ్ళవి ఇరవై జట్లు, ఒక్కో జట్టుకి 38 ఆటలు. ఆడవాళ్ళవి అప్పట్లో పన్నెండు జట్లు, 22 ఆటలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలై మే నెలలో ముగుస్తాయి. నేను వెళ్ళింది ఆఖరి అంకానికి. అప్పటికి రెండు చోట్లా ఒక్కటే కథ నడుస్తోంది. మగవాళ్ళలో సిటీ, లివర్‌పూల్; ఆడవాళ్ళలో చెల్సీ, ఆర్సెనల్. రెండు జంటల మధ్యా ఒక్కటే పాయింటు తేడా. మిగతావాళ్ళంతా ఎక్కడో వెనక.

ఇంతలో మే 6న, శుక్రవారం సాయంత్రం, పాప పెద్దమనిషి అయింది.

మా చెల్లెలు కంగారుపడి ముందు నన్ను లేపింది, తర్వాత అమ్మకి ఫోను చేసింది. ఇండియాలో అప్పుడు అర్ధరాత్రి దాటింది. అయినా అమ్మ, ఆ కబురు కోసమే మేలుకుని వున్నట్టు, ఒక్కొక్కటే చెప్పుకుపోయింది. మూల కూర్చోబెట్టండి. నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి పెట్టండి. కొత్త చాప వుందా? మాంచెస్టర్లో చాప ఎక్కడ తెస్తాం! మా చెల్లెలి యోగా చాప వుంది, ఊదారంగుది. కొన్నాక ఒక్కసారైనా విప్పలేదు గనక అది కొత్తదేనని తీర్మానించాం. హాల్లో టీవీకి ఎదురుగా వున్న మూల తప్ప ఆ ఇంట్లో వేరే మూల ఖాళీ లేదు. అక్కడే పరిచాం. చిమ్మిలి మిక్సీలో తిప్పాం.

“ఇకనైనా ఆ బంతాట మాన్పించండే. తొడలు కనబడే ఆ నిక్కర్లేమిటి?” అంది అమ్మ ఆఖరున. మా చెల్లెలు నావైపు చూసింది. దాని మనసు అప్పటికే ఆటూ ఇటూ ఊగుతోంది. చదువు, వాన, బురద, అక్కడి మనవాళ్ళ మాటలు, అన్నీ కలిసి. “నువ్వేమంటావక్కా? నువ్వు చెబితే అది వింటుంది” అంది. పొద్దున్న మాట్లాడదాంలే అని తప్పించుకున్నాను.

తప్పించుకోవడానికి కారణం వుంది. ఎనిమిదో క్లాసులో నేను మా స్కూలు ఖోఖో జట్టులో వుండేదాన్ని. స్తంభం దగ్గర మలుపు తిరిగితే నన్ను ముట్టుకోగలిగినవాళ్ళు లేరు. జోనల్ సెలక్షన్లు గుంటూరులో పెట్టారు. సరిగ్గా ఆ వారంలోనే నేను చాప మీద కూర్చున్నాను. పదకొండు రోజుల తర్వాత లంగా ఓణీ వేసుకుని స్కూలుకి వెళితే నా చోటులో ఇంకో పిల్ల వుంది. నన్నెవరూ మానమనలేదు. రమ్మని కూడా అనలేదు. అంతే, అది అలా అయిపోయింది. దాని గురించి ఏడ్చినట్టు కూడా గుర్తులేదు.

మూడోనాడు, మే 8, ఆదివారం. ఆడవాళ్ళ లీగుకి ఆఖరి రోజు. లండన్ శివార్లలో కింగ్స్‌మెడో అనే చిన్న మైదానం, అయిదువేలమంది కూడా పట్టరు. అక్కడ చెల్సీతో పాప జట్టు యునైటెడ్ ఆడుతోంది. చెల్సీ ఓడితే కప్పు ఆర్సెనల్ ఎగరేసుకుపోతుంది. పాప చాప మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో చిమ్మిలి గిన్నెతో కూర్చుంది. యునైటెడే ముందు గోలు చేసింది. చెల్సీ సమానం చేసింది. అంతలో ఎల్లా టూన్ ఇంకోటి! పాప చాప మీంచి ఎగిరి గెంతింది. “కూర్చోవే, మూల దాటకూడదు!” అని మా చెల్లెలు వంటింట్లోంచి కేక. సగం ఆటకి 2-1, యునైటెడ్‌దే పైచేయి.

విరామమయ్యాక విజృంభించింది శామ్ కర్. ఆస్ట్రేలియా అమ్మాయి. ఆట మళ్ళీ మొదలవుతూనే ఒక గోలు. కాసేపటికి చెల్సీకి మూడోది వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ తనే, ఎక్కడో దూరాన వచ్చిన బంతిని ఛాతీతో ఆపి, నేల తగలనివ్వకుండానే కొడితే, అది గోల్ కీపరు తల మీదుగా వెళ్ళి వలలో పడింది. నాకు ఆట తెలియదు. అయినా చేతిలో బీన్స్ పళ్ళెం వుందన్న సంగతి మర్చిపోయి లేచి నిలబడ్డాను. 4-2. చెల్సీకి 56 పాయింట్లు, ఆర్సెనల్‌కి 55. వరసగా మూడో ఏడాది చెల్సీదే కప్పు. ఆ సీజన్లో లీగు మొత్తానికి ఎక్కువ గోల్సు కూడా ఆ కర్ అమ్మాయివే, ఇరవై. పాప మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుస్తోంటే కడుపునొప్పేమోనని వేడినీళ్ళ సంచి తెచ్చాను. “నొప్పి కాదు పెద్దమ్మా, ఓడిపోయాం” అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బి.ఏ.లో హిస్టరీ చదివినదాన్ని గనక పాత సంగతులు తవ్వడం నాకలవాటు. తవ్వితే బయటపడింది చూడండి. మొదటి ప్రపంచయుద్ధంలో మగవాళ్ళు పోరుకి పోతే, ప్రెస్టన్ ఊళ్ళో డిక్ కర్ అనే ఫ్యాక్టరీలో ఫిరంగిగుళ్ళు తయారుచేసిన ఆడవాళ్ళు తీరికవేళల్లో ఫుట్ బాల్ ఆడారు. (ఈ కర్‌కీ ఆ కర్‌కీ చుట్టరికం లేదు.) గాయపడ్డ సైనికుల కోసం టిక్కెట్లు పెట్టి ఆడారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్లోని గుడిసన్ పార్కులో వాళ్ళ ఆట చూడడానికి 53 వేలమంది వచ్చారు. చోటు చాలక వేలమంది వెనుదిరిగారు. ఏడాది తిరగకుండానే, 1921 డిసెంబరు 5న, ఫుట్ బాల్ సంఘం పెద్దలు కూర్చుని ఈ ఆట ఆడవాళ్ళ ఒంటికి తగదని తేల్చారు. తమ జట్ల మైదానాల్లో ఆడవాళ్ళని అడుగు పెట్టనివ్వొద్దని ఆజ్ఞ వేశారు. అది దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. లిలీ పార్ అనే ఆమె పధ్నాలుగు, పదిహేనేళ్ళ వయసులో ఆ జట్టులో చేరింది, 1951 దాకా ఆడింది. మైదానం ఇవ్వకపోతే పార్కుల్లో.

పధ్నాలుగో తేదీ, శనివారం పాప ఆట. వాళ్ళ కోచి ఫోను చేసింది. మా చెల్లెలు ఒంట్లో బాగాలేదని చెప్పింది. పాప చాప మీదనుంచి, “నాకు బాగానే వుంది కదా” అంది. ఎవరం మాట్లాడలేదు.

మర్నాడు, ఆదివారం, పేరంటం. ఎనిమిది తెలుగు కుటుంబాలవాళ్ళొచ్చారు. పట్టుచీరలు, పసుపు కుంకుమలు, పులిహోర. అదేరోజు వెంబ్లీలో ఆడవాళ్ళ కప్పు ఫైనలు, చెల్సీకీ సిటీకీ. ఇది లీగు కాదు, వేరే. ఓడినవాళ్ళు ఇంటికి పోవడమే. మా మరిది చప్పుడు లేకుండా టీవీ పెట్టాడు. అక్షింతలు వేసి వచ్చిన ప్రతివాళ్ళూ ఒక్క నిమిషం నిలబడి చూసి, ఆ నిలబడడం అలాగే నిలబడిపోయారు. సిటీవాళ్ళు రెండుసార్లు వెనకబడి రెండుసార్లూ సమానం చేశారు. అదనపు సమయంలో మళ్ళీ ఆ శామ్ కరే! 3-2.

భీమవరంనుంచి కొడుకు దగ్గరికొచ్చిన పెద్దావిడ ఒకరు, “ఎవరమ్మా ఆ పిల్ల, అంత ఇదిగా తన్నుతోంది?” అని అడిగారు. ఆస్ట్రేలియా అమ్మాయనీ, తండ్రి మాత్రం కలకత్తాలో పుట్టినవాడనీ మా మరిది చెప్పాడు. “అయితే మనమ్మాయే!” అని ఆవిడ తేల్చేశారు. ముందురోజు అదే వెంబ్లీలో మగవాళ్ళ ఫైనలు గెలిచిన లివర్‌పూల్‌కి 18 లక్షల పౌన్లు, ఈ ఆడపిల్లల జట్టుకి 25 వేలు బహుమతి అని కూడా చెప్పాడు. నేను వేళ్ళమీద లెక్కకట్టాను, డెబ్భై రెండు రెట్లు. “మా చేలో నాట్లేసే ఆడకూలీలకీ తక్కువే ఇస్తాం. కానీ మరీ ఇంత అన్యాయం చెయ్యం బాబూ” అన్నారావిడ, పులిహోరలో పల్లీలు ఏరుకుంటూ. మరుసటి ఏడాదినుంచి ఆడవాళ్ళ బహుమతి పెంచారు. ఎంత పెంచినా లెక్క సరిపోలేదనుకోండి.

ఆ పై శనివారం, 21వ తేదీ. పొద్దున్నే పాప మెట్లు దిగివచ్చింది, బూట్లు చేత్తో పట్టుకుని. ఏమీ అడగలేదు. మా చెల్లెలు నావైపు చూసింది. రెండు వారాలుగా వాయిదా వేస్తున్న మాట ఇప్పుడు చెప్పక తప్పదు. ఏం చెప్పాలో కూడబలుక్కునేలోపల నా నోట్లోంచి వచ్చింది ఇది: “మంచినీళ్ళ సీసా తీసుకున్నావా?”

మా చెల్లెలు వంటింట్లోకి వెళ్ళి సీసా నింపి తెచ్చి పాప చేతికిచ్చింది. కారు తాళాలు తీసుకుంటూ, “నువ్వు ఖోఖో మానేసినప్పుడు నాకెంత సంతోషమేసిందో తెలుసా? సాయంత్రాలు నాతో ఆడేదానివని” అంది. ఆ మాట ఇప్పుడెందుకు చెప్పిందో నేను అడగలేదు.

మర్నాడు మగవాళ్ళ లీగుకి ఆఖరిరోజు. మా మరిది సోఫాలో పాప చాప వేసుకుని కూర్చున్నాడు, అది కలిసొస్తుందని. ఆస్టన్ విల్లా రెండు గోల్సు చేసేసింది. సిటీకి సున్నా. ఇంకా పావుగంటే వుంది. మనిషి కాస్తా తువ్వాలు ముఖం మీద కప్పుకున్నాడు. కప్పుకున్నాక గుండోగన్ ఒకటి, రోడ్రి ఒకటి, మళ్ళీ గుండోగన్. అయిదు, ఆరు నిమిషాల్లో మూడు! సిటీకి 93, లివర్‌పూల్‌కి 92. ఇక్కడా ఒక్కటే పాయింటు, ఇక్కడా వెనకబడి గెలవడమే. రెండువారాల క్రితం ఆడవాళ్ళు రాసిన కథనే మగవాళ్ళు తిరగరాశారని నేనంటే మా మరిదికి కోపం వచ్చింది.

జూన్లో తిరిగొచ్చేశాను. జూలై 31న యూరప్ దేశాల ఆడవాళ్ళ ఫైనలు, వెంబ్లీలోనే. ఇంగ్లండుకీ జర్మనీకీ. 87,192 మంది జనం. నాకు తోడుగా అమ్మ కూర్చుంది, నిద్ర పట్టడంలేదన్న వంకతో. ఎల్లా టూన్ గోలు చేసినప్పుడు, “పాప గోడమీది పిల్ల ఇదే కదూ?” అంది. జర్మనీ సమానం చేసింది. అదనపు సమయంలో క్లోయీ కెల్లీ బంతిని లోపలికి నెట్టి, గెలిచామన్న ఆనందంలో చొక్కా విప్పి గాల్లో తిప్పుతూ పరుగెత్తింది. అమ్మ నోరు తెరిచింది. “లోపల బనీను లాంటిది వుందమ్మా” అన్నాను గబగబా. అమ్మ కాసేపాగి, “అంతసేపు పరుగెత్తాక ఉక్కపొయ్యదూ మరి” అంది.

మూడురోజుల తర్వాత ఆ జట్టులోని ఇరవై ముగ్గురూ కలిసి, ఆ దేశానికి ప్రధాని కాబోతున్నవాళ్ళకి ఉత్తరం రాశారు. అక్కడి స్కూళ్ళలో 63 శాతం ఆడపిల్లలకే ఆటల పీరియడ్లో ఫుట్ బాల్ దొరుకుతోందనీ, అందరికీ ఆడే వీలు కల్పించమనీ. మరుసటి మార్చిలో ప్రభుత్వం సరేనంది. ఆ ఉత్తరం సంగతి చదివి వినిపిస్తుంటే అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతోంది.

“మీ డ్రిల్లు టీచరు కూడా ఇలాగే వచ్చిందే, నువ్వు మూల కూర్చున్నప్పుడు” అంది తలెత్తకుండా. “గుంటూరు పంపించండి, నా బాధ్యత అంది. పంపనని చెప్పాను. మీ నాన్నకి కూడా చెప్పలేదు.”

ముప్పై ఏళ్ళుగా, ఆ స్కూల్లో నన్నెవరూ తలుచుకోలేదనే అనుకుంటూ వున్నాను.

“ఇంకేమందమ్మా?”

“మీ అమ్మాయి కాలు నేలమీద ఆనదండీ అంది.” అమ్మ నా జాకెట్టు మడత సరిచేసింది. “కాఫీ ఇచ్చాను. సగం తాగి వెళ్ళిపోయింది.”