పని పోయాక పుట్టిన పాట

పాటకు మాటలుండాలనీ, మాటలకు అర్థముండాలనీ, వినేవాడు కుదురుగా కూర్చుని తల వూపాలనీ మనలో చాలామంది అభిప్రాయం. మంచి అభిప్రాయమే. కాని ఈ మూడూ లేని సంగీతం ఒకటి లోకంలో నలభై ఏళ్ళుగా నిక్షేపంలా వర్ధిల్లుతోంది. దానికి చాలావరకు పాడేవాళ్ళుండరు. పల్లవీ చరణాలూ వుండవు. చీకటి గదిలో నిలబడి, కాళ్ళతో వినాలి. దాన్ని టెక్నో అంటారు. అందులోనే మరీ మొరటుగా, వింటుంటే ఇనపరజను రాలుతున్నట్టుండే శాఖ ఒకటి వుంది. దానికి ఇండస్ట్రియల్ టెక్నో అని పేరు. అంటే ఫ్యాక్టరీ సంగీతమన్నమాట. క్లబ్బుల్లో తెల్లవార్లూ ఆడేవాళ్ళ కోసం ఈ రికార్డులు కొత్తవి వస్తూనే వున్నాయి. క్లబ్బు అనగానే మనకు పేకముక్కలు గుర్తొస్తాయిగాని, అక్కడ క్లబ్బంటే డాన్సు చేసే చోటు.

మా మేనల్లుడు బెర్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఇంటిల్లిపాదికీ చాకొలెట్లూ, నాకు రెండు మూడు కొత్త రికార్డులూ తెస్తాడు. అరవై దాటినవాడికి ఇదేం సరదా అని మా వీధిలో అందరికీ ఆశ్చర్యమే. మా ఆవిడ మాత్రం ఆశ్చర్యపడదు. "ఆ పిండిమర దగ్గర కాసేపు నిలబడితే ఇదంతా ఉచితంగా వినొచ్చు కదండీ, విమానంలో తెప్పించుకోవడం దేనికి?" అంటుంది. ఆ మాట అక్షరాలా నిజం. నాకిది నచ్చడానికి కారణమూ అదే.

మా నాన్న ఉత్తరాంధ్రలో ఒక జూట్ మిల్లులో మగ్గం నడిపేవారు. మిల్లు గోడకీ మా ఇంటి గోడకీ మధ్య ఒక్క సందు. మూడు షిఫ్టులూ నడిచినన్నాళ్ళు మాకు రాత్రంటే వెలుతురు తగ్గడమేగాని చప్పుడు తగ్గడం కాదు. లోపల మగ్గాల దగ్గర ఒకరి మాట ఒకరికి వినబడదు. పెదవులు చూసీ, చేతిసైగలు చూసీ మాట్లాడుకునేవారు. ఆ అలవాటున నాన్న ఇంట్లో కూడా కేకలేసినట్టే మాట్లాడేవారు. ఒకనాడు మిల్లుకు తాళం పడింది. జీతాల సంగతి తర్వాత తెలిసింది; ముందు తెలిసింది నిశ్శబ్దం. నాన్నకు నిద్ర పట్టేది కాదు. నాలుగో రాత్రో అయిదో రాత్రో లేచి చూస్తే, చీకట్లో మంచంపట్టె మీద వేళ్ళతో మగ్గం లెక్క కొట్టుకుంటున్నారు. మిల్లు మళ్ళీ తెరవలేదు. యంత్రాలు తుక్కు కింద అమ్ముడుపోయాయి, మనుషులు చెల్లాచెదురయ్యారు. ఆ చప్పుడు మాత్రం ఏమైపోయిందా అని చాలా ఏళ్ళు అనుకునేవాణ్ణి. అలాంటి చప్పుడు మరో ఊళ్ళో ఏమైందో ఈ రికార్డులు చెప్పాయి.

ఆ ఊరు అమెరికాలోని డెట్రాయిట్, మోటారు కార్లకు పుట్టినిల్లులాంటిది. 1950లో అక్కడ 18 లక్షల పైచిలుకు జనం. 2010 నాటికి మిగిలింది 7 లక్షల 13 వేలు. ఫ్యాక్టరీలు కొన్ని మూతపడ్డాయి, కొన్ని తరలిపోయాయి, మిగిలినవాటిలో మనిషి చేతికి బదులు రోబోలు వచ్చాయి. ఆ రోజుల్లో దానికి కాస్త దూరంలో బెల్‌విల్ అనే చిన్న ఊళ్ళో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు నల్లజాతి కుర్రాళ్ళు ఒకే బడిలో చదువుకున్నారు. వాళ్ళకు మృదంగాల్లాగా పనికొచ్చినవి రోలాండ్ అనే జపాను కంపెనీ పెట్టెలు: 1980లో వచ్చిన 808, 1983లో వచ్చిన 909. అసలు డ్రమ్ముల్లా మోగడం లేదని చాలామంది పెదవి విరిచారు. కొద్ది ఏళ్ళకే వాటి తయారీ ఆగిపోయి, పాతసామాన్ల దుకాణాలకు చవగ్గా చేరాయి. ఒకరు పారేసిన సరుకుతో, మరొకరు వదిలేసిన ఊళ్ళో, ఈ కుర్రాళ్ళు సంగీతం మొదలుపెట్టారు. 1985లో అట్కిన్స్ మోడల్ 500 అనే పేరుతో 'నో యూఎఫ్ఓస్' రికార్డు తీశాడు. 1988లో డెట్రాయిట్ పాటలు కొన్ని ఒక సంపుటంగా ఇంగ్లండులో వచ్చాక టెక్నో అనే పేరు లోకానికెక్కింది. అంతకు ముందు తరంలో ఆ ఊరికి పేరు తెచ్చిన మోటౌన్ పాటలకంటే ఫోర్డు ఫ్యాక్టరీ రోబోల మీదే తనకు ఆసక్తి అని అట్కిన్స్ అప్పట్లో అన్నాడు. తమవాళ్ళ పని లాక్కున్న యంత్రాన్ని తిట్టి వూరుకోకుండా, దాని చేతే తాళం వేయించుకున్నారన్నమాట.

మనవాళ్ళకు ఇందులో వాటా లేదనుకోకండి. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లోనే ఆ 808కు, 303 అనే మరో రోలాండ్ పెట్టెను జతచేసి, భైరవ్, లలిత్, తోడి వంటి పది రాగాలను ఒక రికార్డు చేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో ఆ రికార్డు మళ్ళీ అచ్చయ్యాక ఐరోపా కుర్రకారు ముక్కున వేలేసుకున్నారు. 2015లో ఆయన పోయాడు.

ఇక ఆ ఇనుప శాఖ సంగతి. దాని వేళ్ళు ఇంగ్లండులో వున్నాయి. థ్రాబింగ్ గ్రిసిల్ అనే బృందం 1976లో లండనులో తమ కంపెనీకి 'ఇండస్ట్రియల్ రికార్డ్స్' అని పేరు పెట్టుకుంది. ఉక్కు కొలుముల ఊరైన షెఫీల్డులో కాబరే వోల్టేర్ అనే బృందం అంతకు మూడేళ్ళ ముందునుంచే టేపుల మీద చప్పుళ్ళు కూర్చేది. 1980లో పశ్చిమ బెర్లిన్‌లో ఇంకొక బృందం రేకులూ, డ్రిల్లు మిషన్లూ తెచ్చి వేదికెక్కింది. ఈ పాయకూ డెట్రాయిట్ పాయకూ 1990ల్లో బర్మింగ్‌హామ్‌లో సంగమం. అదీ ఫ్యాక్టరీల ఊరే. అక్కడ 1993లో మొదలైన డౌన్‌వర్డ్స్ అనే చిన్న కంపెనీ ద్వారా రీజిస్, సర్జన్ అనే మారుపేర్ల ఇద్దరు కళాకారులు బయటికొచ్చారు. ఈనాడు కొత్తగా వచ్చే నల్లటి రికార్డులు చాలావాటికి వాళ్ళు పెదనాన్నల వంటివాళ్ళు.

ఈ సంగీతానికి గుడి కట్టింది బెర్లిన్. 1989 నవంబరు 9న గోడ కూలింది. తూర్పువైపు ఎవరిదో తెలియని పాడుబడ్డ భవనాలు బోలెడు మిగిలాయి. 1991లో ఒక పాత డిపార్టుమెంటు స్టోరు నేలమాళిగలో, తుప్పుపట్టిన లాకర్ల మధ్య, ట్రెజోర్ అనే క్లబ్బు తెరిచారు. ఆ మాటకు అర్థం ఇనప్పెట్టె. 2007లో అది ఒక పాత విద్యుత్ కేంద్రంలోకి మారింది. 2004లో తెరిచిన బెర్గ్‌హైన్ కూడా ఒకప్పటి విద్యుత్ కేంద్రమే. 2024లో జర్మనీవారు బెర్లిన్ టెక్నోను తమ దేశపు సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకున్నారు.

రికార్డు తయారీలో కూడా ఒక తమాషా వుంది. పళ్ళెం మన పాత ఎల్పీ అంతే, పన్నెండు అంగుళాలు. ఎల్పీలో ఒక పక్కన అయిదారు పాటలుంటే, ఇందులో ఒకటో రెండో. మంద్రంగా, బిగ్గరగా మోగే దెబ్బకు గాడి వెడల్పుగా వూగాలి. అందుకని అంత చోటు. ప్రతి పాటకూ మొదట్లోనూ చివరా కొంతసేపు వట్టి దరువే వుంటుంది. అది వినడానికి కాదు, అతకడానికి. వాయించేవాడు రెండు యంత్రాల మీద రెండు పళ్ళేలు పెట్టి, ఒకదాని వేగాన్ని పిసరంత పెంచో తగ్గించో రెండోదానితో కలుపుతాడు. కనుక ఏ రికార్డూ ఒంటరిగా పూర్తికాదు. కొన్నిటిలో తన తోక తానే పట్టుకునే గాడి వుంటుంది. ముల్లు అందులో పడితే చెయ్యి వేసి ఎత్తేదాకా అక్కడే తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు కాబట్టి చుట్టుకు 1.8 సెకన్లు. నిమిషానికి 133 చిల్లర దెబ్బల చొప్పున కొడితే చుట్టుకు సరిగ్గా నాలుగు పడతాయి. డెట్రాయిట్‌లో రాన్ మర్ఫీ అనే పనివాడు ఇలాంటి గాడులు చెక్కడంలో పేరు పడ్డాడు. ఆ నాలుగు దెబ్బలూ ఆగకుండా తిరుగుతూంటే నాకు మంచంపట్టె మీద నాన్న వేళ్ళు కనబడతాయి.

మనకు దంపుళ్ళ పాటలుండేవి. రోకటి పోటే వాటికి తాళం. బియ్యం మిల్లులు వచ్చి దంపుడు పోయింది, దంపుడుతోపాటు పాటా చాలావరకు పోయింది. పనిలో పుట్టిన పాట పనితోనే వెళ్ళింది. డెట్రాయిట్‌లోనూ బెర్లిన్‌లోనూ జరిగింది దానికి తిరగేసిన కథ: పని పోయాక పాట పుట్టింది. ఎనిమిది గంటల షిఫ్టు మనిషి చేత ఏ లయ చేయించిందో, ఆ లయలో అతని కొడుకులూ కూతుళ్ళూ శనివారం రాత్రి తమ ఇష్టం కొద్దీ ఎనిమిది గంటలు ఆడుతున్నారు. చెమట అదే. కాకపోతే చెప్పేవాడు లేడు, కోసేవాడు లేడు.

మా మిల్లు స్థలం ఇప్పుడు ఇళ్ళ ప్లాట్లు. అక్కడ కొనుక్కున్నవాళ్ళ మీద నాకేమీ కోపం లేదు; వాళ్ళూ తల దాచుకోవాలి కదా. కాని నాన్న ముప్ఫై ఏళ్ళు విన్న చప్పుడు ఆ మట్టిలో ఎక్కడా మిగల్లేదు. ఏ సినిమా పాటలోకీ అది చేరలేదు. ఆయన పోయిన తర్వాత దాన్ని గుర్తుపట్టేవాళ్ళు మా ఇంట్లో నేనొక్కణ్ణే.

మీ ఇంట్లో కుర్రవాడో అమ్మాయో ఇలాంటి రికార్డు పెడితే తలుపు వేసుకోమనండి. అందులో తప్పేమీ లేదు, ఇరుగుపొరుగు వున్నారు. అయితే తలుపు పడేముందు ఒక్క నిమిషం గడపలో నిలబడి, అది ఏ పని చప్పుడో పోల్చుకోండి. మరమగ్గమో, రైలు షెడ్డో, అచ్చుయంత్రమో కావచ్చు. ఆ చప్పుడు మధ్య బతుకంతా పనిచేసి మనల్ని చదివించినవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరైనా వుండకపోరు. వాళ్ళ పేరు ఆ పిల్లలకు చెప్పండి.