చెవికి సరిపడా కరెంటు

గాల్లో తిరిగే రేడియో తరంగాల నుంచి ఫోన్ చార్జ్ చేసుకోవచ్చని చెప్పే వీడియో ఏడాదికోసారైనా మా ఫ్యామిలీ గ్రూపులోకి వస్తుంది. "నువ్వు ఇంజనీరువి కదరా, నిజమేనా?" అంటాడు బాబాయ్. సగం నిజం.

ముందు అబద్ధమైన సగం. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మేం పెరిగేనాటికి దాని మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ 100 కిలోవాట్లది. ఆ శక్తి అన్ని దిక్కులకూ సమానంగా పరుచుకుందనుకుంటే, 10 కిలోమీటర్ల అవతల చదరపు మీటరుకు చేరేది వాట్‌లో దాదాపు 12,500వ వంతు. మామూలు ఫోన్ చార్జరుకు 5 వాట్లు కావాలి. అంటే ఏమీ వృథా పోకుండా పట్టగలిగినా, 15 ఎకరాల మేర వల పరచాలి. డెల్టాలో 15 ఎకరాలున్న ఆసామికి ఫోన్ చార్జింగ్ ఒక సమస్యా!

ఇక నిజమైన సగం, క్రిస్టల్ సెట్. ఇంటి మీద పొడవాటి ఏరియల్ తీగ, నేలలోకి ఎర్త్, ఒక తీగచుట్ట, గలీనా రాయి ముక్క, ఇయర్‌ఫోన్. బ్యాటరీ ఉండదు. గలీనా అంటే సీసపు ఖనిజం. పల్నాడులో బండలమొట్టు దగ్గర తవ్వింది అదే. దాని మీద సన్నటి తీగ మొన ఆనిస్తే కరెంటును ఒకవైపే పోనిస్తుంది. ఈ రకం డిటెక్టరుకి జగదీశ్ చంద్ర బోస్ 1904లో అమెరికా పేటెంటు పొందాడు. అలా ఒకవైపుకి మళ్ళిన తరంగమే ఇయర్‌ఫోన్‌లో రేకుని కదిలించి మాటవుతుంది. కాజ టోల్‌గేట్ దగ్గర మన కారు అద్దం మీది ఫాస్టాగ్ చేసేదీ ఇలాంటి పనే. రీడర్ పంపిన తరంగంలోంచే కాస్త శక్తి తీసుకుని తన నంబరు చెబుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు అమ్మ అక్కడే, మొదటి అంతస్తులో ఉంది. కరెంటు లేదు, ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. రెండు రోజులు నేను హైదరాబాదులో కూర్చుని "స్విచ్డ్ ఆఫ్" అన్న మాటే వింటూ ఉన్నాను. తర్వాత అమ్మ అంది, "నీళ్ళకంటే ఏ కబురూ తెలీకపోవడమే భయమేసిందిరా" అని. నీళ్ళు పెరుగుతాయా, తీస్తాయా, పడవ ఎటు వస్తుంది? ఈ మాటలు చెప్పే ఒక గొంతు వినిపించడానికి 5 వాట్లు అక్కర్లేదు. చెవికి సరిపడా కరెంటు చాలు.

అయితే అదేమీ ఉచితం కాదు. ఈ చివర ఏమీ లేనివాడు వినాలంటే ఆ చివర ఎవరో లక్ష వాట్లు ఖర్చుపెట్టాలి. ఫోన్‌తో పోలిస్తే తేడా అక్కడే ఉంది: ఫోన్ వినడానికి కూడా మన దగ్గరి చార్జింగే అడుగుతుంది. దేశంలో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. వినేవాళ్ళు తగ్గారు, కరెంటు బిల్లు పెద్దది, కాదనను. ఆ లెక్క వేసే ఎక్సెల్ షీటులో ఒక్క గడి మాత్రం అదనంగా ఉండాలి, వినేవాడి చేతిలో ఏ కరెంటూ లేని రోజు కోసం.